బుట్ట బరువు పోగా

ఒహాయో
1979 జనవరి 21

నానమ్మా,

నీ నెట్వా బతికే ఉంది, గడ్డకట్టలేదు. ఈ ముక్క ముందే రాస్తున్నాను, లేకపోతే ఉత్తరం సగం చదవకుండానే చర్చిలో నా పేరున ప్రార్థన పెట్టిస్తావు. ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. పొద్దున్నే క్లాసుకి వెళ్తుంటే ముక్కులో వెంట్రుకలు కూడా బిర్రబిగుస్తాయి. నవ్వకు, నిజం. దక్షిణాది సముద్రపు దీవిలో పుట్టి పెరిగినదాన్ని, ఈ ఊళ్ళో నాకు దొరికిన ఉప్పల్లా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు.

తిండి సంగతి అడగొద్దు. పొద్దున బంగాళాదుంప, మధ్యాహ్నం బంగాళాదుంప, రాత్రికి వేషం మార్చుకుని మళ్ళీ అదే బంగాళాదుంప. ఒక్కరోజు అన్నం పెట్టారు. నా గదిలో ఉండే పెగ్గీ దాని మీద పాలూ పంచదారా పోసుకుని తింది. చూడలేక మొహం తిప్పుకున్నాను.

అసలు సంగతికొస్తాను. ఒక కొత్త క్లాసులో చేరాను. దాని పేరు ‘అమెరికా సమాజంలో రేస్, జాతి, సంస్కృతి’. చెప్పేది డాక్టర్ టర్న్‌బో గారు. డెట్రాయిట్ నుంచి వచ్చారు, మనలాగే నల్లవాళ్ళే. రేస్ గురించి ఇంతసేపు, ఇంత గట్టిగా, తలుపులు బార్లా తీసిపెట్టి మాట్లాడేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. ఆ మాట ఎత్తితే చాలు, తెల్లపిల్లలు తమ బూట్లకేసి చూసుకుంటారు. మొన్న ఒకమ్మాయి రేస్ అంటే తనకి భయమని చెప్పి ఏడ్చేసింది. డాక్టర్ గారు బల్ల మీద చరిచి, “రేస్ అనేది అసలు లేనే లేదు, మనుషులు కల్పించుకున్నదే! కానీ మన బతుకుల్ని నడిపిస్తున్నది అదే!” అన్నారు. నేను అన్నీ రాసుకున్నాను. నోరు మాత్రం విప్పలేదు.

మొదటి రోజు విప్పాను కదా, చాలింది. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన లీలండ్ అనేవాడు, వాడూ నల్లవాడే, నా యాస వినగానే “ఓహో, గీచీ పిల్లవా! మూడు పూటలా అన్నం మెక్కే దీవి మేళం!” అన్నాడు. మన దీవులవాళ్ళని వెక్కిరించే ఆ గీచీ మాట ఇక్కడ కూడా! క్లాసంతా గొల్లుమంది. అప్పట్నుంచీ నేను మూగదాన్ని. ఇలాగే వేసవి దాకా నెట్టుకొస్తే, ఆ తర్వాత ఇక తిరిగి రానవసరం లేదేమో అని కూడా అనిపిస్తోంది. నువ్వు తిట్టకముందే చెప్తున్నాను, అనిపిస్తోంది అంతే.

ఇంటి సంస్కృతికి సంబంధించినది ఏదైనా ఒకటి క్లాసుకి తెమ్మన్నారు. ఐర్లండు వాళ్ళమ్మాయి ఫిడేలు తెస్తుందట. మనకేముంది నానమ్మా? కాస్త ఆలోచించి రాయి.

నీ
నెట్వా


సెయింట్ హెలెనా దీవి
ఫిబ్రవరి 3

ఒసే నెట్వా,

నీ ఉత్తరం అందింది. మన డీకన్ సైరస్ గారు చర్చిలో నా కళ్ళజోడు మీద తీరిగ్గా కూర్చున్నారు. ఇప్పుడు ఒంటి అద్దంతో కాలక్షేపం చేస్తున్నాను. అయినా ఒక కన్ను మూసుకుని కూడా నీ గొలుసుకట్టు రాత చదివేయగలను.

యూనివర్సిటీలో రైస్ మీద క్లాసు పెట్టారని చదివి ఎగిరి గంతేశాను. పక్కింటి ఐడెల్లాకి చెప్తే “రైస్‌కి కూడా డాక్టర్లుంటారా!” అని ముక్కున వేలేసుకుంది. ఎందుకుండకూడదు? మన పూర్వీకుల్ని ఆఫ్రికాలో ఓడలెక్కించి బానిసలుగా ఇక్కడ దించింది, వరి పండించడం వాళ్ళకి తెలుసనే కదా. దాని గురించి కూర్చుని చదవాల్సిందే. ఇన్నాళ్ళకి ఈ దేశానికి బుద్ధొచ్చింది.

రైస్ మాటెత్తగానే తెల్లపిల్లలు బూట్లు చూసుకోవడం నాకేం వింతగా లేదు. పాలూ పంచదారా పోసుకునే వాళ్ళకి ఆ మాత్రం సిగ్గుండాలి. పాపం ఆ ఏడ్చిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు, భయపడాల్సిందేమీ లేదని. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. ఎసరు వేలి కణుపు దాకా ఉండాలి. మూత పెట్టాక మళ్ళీ ఎత్తకూడదు. దయ్యం వచ్చి తలుపు కొట్టినా సరే మూత ఎత్తకూడదు. మెతుక్కి మెతుకు అంటకుండా వస్తే ఆ పిల్ల గట్టెక్కినట్టే.

కానీ ఆ డాక్టరు సంగతేమిటే? రైస్ అసలు లేనే లేదంటాడా! మనుషులు కల్పించుకున్నారా! వాణ్ణి ఒక్కసారి నా వంటింట్లోకి రమ్మను. టమాటాలతో ఎర్రన్నం వండి, రొయ్యలు వేసి, ముందు పెడతాను. లేదనమను చూస్తాను. మన బతుకుల్ని నడిపిస్తున్నది అదే అన్న ముక్కకి మాత్రం మార్కులు వేశాను. సగం చదువు అబ్బినట్టుంది వాడికి.

ఇక ఆ లీలండ్ ఎవడు? మూడు పూటలా అన్నం తింటామని ఎగతాళా? అవును, తింటాం! నాలుగో పూట ఉంటే అప్పుడూ తింటాం! వాడు ఏం తిని పెరిగాడో కనుక్కుని రాయి.

ఇంకేమీ తీసుకెళ్ళకు. ఈ ఉత్తరంతో పాటు చిన్న సంచీలో బియ్యం పంపిస్తున్నాను, అది పట్టుకెళ్ళు. తిరిగి రానవసరం లేదేమో అన్న మాట నేను చదవలేదు. అది పగిలిన అద్దం వైపు పడింది.

నానమ్మ


ఒహాయో
ఫిబ్రవరి 16

నా బంగారు నానమ్మా,

రైస్ కాదు! రేస్! నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఎవరు ఏ బస్సులో ఎక్కడ కూర్చోవాలి, ఆ రేస్! ఒక్క అక్షరం తేడా. తప్పు నా రాతదే. కానీ నువ్వు తప్పు చదివినందుకు నీకు వెయ్యి ముద్దులు. ఏమయిందో విను.

నీ ఉత్తరం క్లాసులో బల్ల కింద పెట్టుకుని చదువుకున్నాను. దయ్యం తలుపు కొట్టే దగ్గర కిసుక్కుమన్నాను. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను. డాక్టర్ టర్న్‌బో గారు చెప్పడం ఆపి, “మిస్ కేపర్స్, ఆ నవ్వేదో మాకూ పంచు” అన్నారు. మొహం మాడిపోయింది. లేచి నిలబడి చదివాను. మొదట మెల్లగా, ఈ ఊరి వాళ్ళలాగా. కానీ నీ మాటలు అలా చదివితే అతకవు కదా. రెండో పేరా నుంచి మన యాసలోనే చదివేశాను.

నానమ్మా, క్లాసు క్లాసంతా పొట్టలు పట్టుకుంది! ఏడ్చిన అమ్మాయి మళ్ళీ ఏడ్చింది, ఈసారి నవ్వి. “వాడు ఏం తిని పెరిగాడో కనుక్కుని రాయి” అన్న దగ్గర లీలండ్ కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. మొదటి రోజు నన్ను చూసి నవ్వినట్టు కాదు. నీకు తేడా తెలుస్తుందనుకుంటాను.

నవ్వులు సద్దుమణిగాక డాక్టర్ గారు “ఇంతకీ ఈ నెట్వా ఎవరు?” అన్నారు. నేనే అన్నాను. వర్నెల్ అన్నది బడికీ కాయితాలకీ పెట్టిన పేరనీ, మా దీవిలో బిడ్డ పుట్టగానే ఇంట్లో ఒక బుట్టపేరు పెడతారనీ, చచ్చేదాకా అందరూ ఆ పేరుతోనే పిలుస్తారనీ చెప్పాను. పీత మామ అసలు పేరు నాకు ఇప్పటికీ తెలీదని చెప్పాను. మంగళారం అత్త గురించి చెప్పాను. అంతే, డాక్టర్ టర్న్‌బో గారు గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని, “ఇంత అందమైన పేరు ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు!” అన్నారు. కళ్ళల్లో నీళ్ళు. శుక్రవారం టీకి ఇంటికి కూడా పిలిచారు.

ఈ అలవాటు సముద్రం అవతల నుంచి మనవాళ్ళు వెంట తెచ్చుకున్నదేనట. పడమటి ఆఫ్రికా నిఘంటువులు ముందేసుకుని నెట్వా కోసం వెతుకుతున్నారు. ఒక భాషలో దగ్గరి మాటకి తేనె అని అర్థమట, ఒకదాంట్లో మొండి మేక అట, ఇంకొకదాంట్లో తిరిగి వచ్చిన వాన అట. తుఫాను రోజున పుట్టానని చెప్పగానే చప్పట్లు కొట్టి వాన ఖాయం చేసేశారు. ఏప్రిల్‌లో పెద్ద హాల్లో యూనివర్సిటీ అంతటి ముందూ నేను మాట్లాడాలట. నా పేరు గురించి! నేను! వాల్‌పోస్టర్ కూడా వేస్తున్నారు.

నిన్న భోజనాల దగ్గర ఎవరో “నెట్వా, ఇటు రా” అని కేక పెట్టారు. ఎంత గర్వంగా నడిచానో చూడాల్సింది. ఇక్కడ ఉండిపోగలననిపించింది మొదటిసారి. అందుకే అడుగుతున్నాను, ఈ పేరు ఎవరు పెట్టారు? అర్థమేమిటి? వానేనా? త్వరగా రాయి.

తిరిగి వచ్చిన వాన
(నీ నెట్వా)


సెయింట్ హెలెనా దీవి
మార్చి 1

పిల్లా,

రేసా! నేను, ఐడెల్లా వాకిట్లో కూర్చుని మళ్ళీ చదువుకున్నాం. అది మొదట నవ్వింది, తర్వాత “రైసే నయం” అంది. నేనూ అదే అనుకుంటున్నాను. ఆ సంగతి చదవాల్సినవాళ్ళు ఎప్పుడూ చదవలేదు, చదవక్కర్లేని మనకి కంఠతా వచ్చు. అయినా తలుపులు తీసిపెట్టి మాట్లాడుతున్నారంటే వినడానికి బాగుంది. మా రోజుల్లో ముందు తలుపు వేసి, తర్వాత గొంతు తగ్గించేవాళ్ళం.

అది అలా ఉంచు. ఈ డాక్టరు నీ చెయ్యి ఎందుకు పట్టుకున్నాడు?

టీకి పిలవడం ఏమిటి? కళ్ళల్లో నీళ్ళు పెట్టుకోవడం ఏమిటి? మీ తాత నా చెయ్యి పట్టుకున్న రోజు ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు వచ్చాయి, కాకపోతే అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాం. నేను పాతకాలపు మనిషిని కాదు. నీకు పందొమ్మిది, నీ ఇష్టం. కానీ కొన్ని సంగతులు తెలియాలి. వాడికి వయసెంత? వాళ్ళు ఎవరి తాలూకు? చర్చికి వెళ్తాడా, వెళ్ళి ముందు కూర్చుంటాడా వెనక కూర్చుంటాడా? ఇంతకుముందు పెళ్ళయిందా? అన్నం తింటాడా? ఆడపిల్ల పేరుకి అర్థం వెతకడానికి నిఘంటువులు తిరగేసే మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అందుకే అనుమానంగానూ ఉంది, ముచ్చటగానూ ఉంది. డీకన్ సైరస్ గారు డెట్రాయిట్‌లో తనకి ఒక మేనల్లుడు ఉన్నాడనీ, వాకబు చేయిస్తాననీ అంటున్నారు. కళ్ళజోడు మీద కూర్చున్నప్పటి నుంచీ నేనేం చెప్పినా చేస్తున్నారు.

నీ పేరు మీ తాత పెట్టాడు. వానా లేదు, మేకా లేదు. బియ్యం సంచుల మీద అచ్చేసి ఉంటుంది చూడు, అదే. వివరంగా తర్వాత రాస్తాను, పొయ్యి మీద పీతలు గోల చేస్తున్నాయి.

టీకి వెళ్తే పెగ్గీని వెంటబెట్టుకుని వెళ్ళు.

నానమ్మ


ఒహాయో
మార్చి 12

నానమ్మా,

మొదటి సంగతి. డాక్టర్ టర్న్‌బో గారు ఆడమనిషి, నువ్వు ‘వాడు’ అన్నప్పుడే చెప్పాల్సింది. అరవై దాటాయి. ముగ్గురు మనవలు. పేరు హార్టెన్స్. చర్చిలో రెండో వరసలో కూర్చుని పాడతారట. డీకన్ గారి మేనల్లుణ్ణి దయచేసి వెంటనే ఆపించు. టీ చాలా బాగుంది. పెగ్గీ నాలుగు కేకులు తింది.

రెండో సంగతి. నేను నాశనమైపోయాను.

నీ ఉత్తరం చదవగానే వంటశాల వెనక కొట్టులోకి పరిగెత్తాను. అక్కడి పెద్దావిడ “ఏం కావాలమ్మా?” అంది. “నా పేరు కావాలి” అన్నాను. ఎగాదిగా చూసి తప్పుకుంది. బియ్యం బస్తా గోడకి నిలబెట్టి ఉంది. దాని మీద పూలగుత్తి బొమ్మ. కింద పెద్ద నల్లటి అక్షరాలు. నికర బరువు అని చెప్పే మాటని కుదించి, నెట్ అని, పక్కన డబ్ల్యూ, టీ.

నెట్. డబ్ల్యూ. టీ. నెట్వట్! నెట్వా!

బస్తా పక్కనే కూలబడ్డాను. నేను తేనెని కాదు, వానని కాదు, చివరికి మేకని కూడా కాదు. నేను సంచి మీద రాతని! తాత ఇంకో రెండు వరసలు కిందికి చదివి ఉంటే నా పేరు ‘తడి తగలని చోట ఉంచుము’ అయ్యేది! నువ్వు పందొమ్మిదేళ్ళుగా వాకిట్లో నిలబడి “నికర బరువూ, అన్నానికి రావే” అని కేకలేస్తున్నావన్నమాట. ఆ పెద్దావిడ భయపడి మంచినీళ్ళు తెచ్చింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీలేదు.

వాల్‌పోస్టర్లు వచ్చేశాయి నానమ్మా. గ్రంథాలయం తలుపు మీద ఉంది, భోజనాల హాల్లో ఉంది, ఆఖరికి స్నానాల గది దగ్గర కూడా ఉంది. ‘నెట్వా: తిరిగి వచ్చిన వాన’. డాక్టర్ గారు నన్ను చూసినప్పుడల్లా సొంత మనవరాల్ని చూసినట్టు మెరిసిపోతారు. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పను? ఆ హాల్లో ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ నన్ను చూసి నవ్వే అవకాశం ఇవ్వనా?

రెండు దారులున్నాయి. నోరు మూసుకుని వానగానే ఉండిపోవడం, లేదా ఆ రోజు జ్వరం తెచ్చుకోవడం. మూడో దారి బస్సెక్కి ఇంటికొచ్చేయడం. నిజం చెప్పు, ఇంకేమైనా ఉందా ఈ పేరులో? అంతేనా? తాతకి ఇంకేమీ దొరకలేదా?

వర్నెల్


సెయింట్ హెలెనా దీవి
మార్చి 24

నెట్వా,

వర్నెల్ ఎవరు? ఆ పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమాన్ తప్పు గుమ్మంలో వేశాడనుకున్నాను. నాకు నువ్వు నెట్వావే.

తప్పు నాది. పీతల కోసం నీ పేరుని మధ్యలో వదిలేశాను. ఇవాళ పొయ్యి ఆర్పేసి, ఐడెల్లాని ఇంటికి పంపేసి కూర్చున్నాను.

మీ తాత ఐజయాకి చదువు రాదని నీకు తెలుసు. రొయ్యలు పట్టి రేవులో అమ్మేవాడు. అక్కడ కొనే షావుకారు బుట్టతో సహా కాటా మీద పెట్టి, బుట్ట బరువు తీసేసి, మిగిలినదాన్ని రొయ్యల బరువనేవాడు. తెల్లవాడు తెస్తే బుట్ట తేలిక. మనవాడు తెస్తే బుట్ట బరువు. అదే బుట్ట, ఇదే దీవి గడ్డితో అల్లింది, చాలామటుకు నా చేత్తోనే అల్లింది. మోసుకొచ్చిన చెయ్యి రంగుని బట్టి దాని బరువు మారిపోయేది. మీ క్లాసులో రేస్ గురించి ఏం చెప్తారో నాకు తెలీదు. నాకు తెలిసిన రేస్ ఇది.

మీ తాత ఒకరోజు బియ్యం సంచి నా ఒళ్ళో పెట్టి, “దీని మీద ఏ ముక్క గోనె బరువు తీసేసి చెప్తుంది?” అన్నాడు. చూపించాను. వేలితో దిద్దుకుని నేర్చుకున్నాడు. ఆయన జన్మలో చదివిన మాట అదొక్కటే. మర్నాడు రేవుకి ఖాళీ బుట్ట పట్టుకెళ్ళి, షావుకారుతో “ముందు బుట్ట తూయండి దొరా, అందరూ చూస్తుండగా తూయండి. తర్వాత నాకు నెట్వట్ చెప్పండి” అన్నాడు. అలాగే పలికాడు, నెట్వట్ అని. నాకు ప్రాణాలు పోయినంత పనైంది. నోరెత్తిన నల్లవాణ్ణి మాయం చేసేసే రోజులవి. షావుకారు చుట్టూ మూగినవాళ్ళని చూసి, ఆ బుట్ట తూశాడు. ఆ తర్వాత మనవాళ్ళందరూ ఖాళీ బుట్టతో వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ ఏడే గ్రేసీ తుఫాను వచ్చింది. మీ అమ్మకి నెలలు నిండలేదు. పట్టపగలు చీకటి పడింది, వంతెన మునిగింది, డాక్టరు లేడు. మంత్రసాని టమార్ నిన్ను చేతిలో పట్టుకుని, పేరు పెట్టడానికి తొందరపడొద్దంది. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. మీ అమ్మ గోడవైపు తిరిగింది. మీ తాత మాత్రం నేను అల్లిన గడ్డిబుట్ట తెచ్చి, అందులో ఉతికిన బియ్యం సంచులు పరిచి, నిన్ను పడుకోబెట్టి, గాలి తగ్గగానే రేవుకి పట్టుకెళ్ళాడు. పిచ్చిపట్టిందనుకున్నాను. ముందు ఖాళీ బుట్ట తూశాడు. సంచులు తూశాడు. తర్వాత నిన్ను పెట్టాడు. ముల్లు ఎంత తక్కువ కదిలిందో నేను రాయను, ఇప్పటికీ భయమేస్తుంది.

రోజూ తీసుకెళ్ళేవాడు. వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి వచ్చి చుట్టూ నిలబడేవాళ్ళు. ఒకరోజు ముల్లు ఒక్క గీత ముందుకి జరిగింది. మీ తాత “నెట్వట్!” అని కాలవ అవతలి వాళ్ళకి కూడా వినపడేలా అరిచాడు. రేవంతా టోపీలు ఎగరేసింది. పీత మామ సంతోషం పట్టలేక నీళ్ళలోకి దూకాడు, ఈత రాదని దూకాక గుర్తొచ్చింది. వాణ్ణి బయటికి లాగేసరికి అందరూ నిన్ను ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పిలిచీ పిలిచీ చివర అరిగి అది నెట్వా అయింది. మీ అమ్మ ఆ కేక విని మంచం దిగి వాకిట్లోకి వచ్చింది. అదే నీ పేరు పెట్టిన పండగ.

సంచి మీది రాతవే నువ్వు. గోనే బొమ్మా బుట్టా అన్నీ పోగా, లోపల నిజంగా ఉన్నదెంతో చెప్పే రాతవి. మీ తాతకి వచ్చిన చదువంతా తెచ్చి నీకు పెట్టాడు. ఆయన దగ్గర ఇంకో మాట లేదు, ఉంటే అది కూడా నీకే పెట్టేవాడు.

వానగా ఉండాలనుంటే ఉండు, ఎవరికీ చెప్పను. ఆ బుట్ట మాత్రం పంపిస్తున్నాను.

నానమ్మ


ఒహాయో
ఏప్రిల్ 15

నానమ్మా, నానమ్మా, నానమ్మా,

బుట్ట వచ్చింది. పెట్టె తెరవగానే మన ఇంటి వాసన గది నిండా కమ్ముకుంది. అందులో మొహం పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో పెగ్గీని అడుగు. ఆ తర్వాత మొహం కడుక్కుని, ఉత్తరం పట్టుకుని తిన్నగా డాక్టర్ టర్న్‌బో గారింటికి వెళ్ళాను.

ఆవిడ నిలబడే చదివింది. సంచి దగ్గర నవ్వడం మొదలుపెట్టి గోడ పట్టుకుంది, పీత మామ దూకిన చోట కుర్చీ పట్టుకుంది. చివరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “నేను మూడు నిఘంటువులు తిరగేశాను, అసలు నిఘంటువు ఇక్కడే మన వంటశాలలో బస్తా మీద కూర్చుని ఉంది!” అంది. పేరు పెట్టే అలవాటు మాత్రం సముద్రం దాటి వచ్చిందేననీ, ఆ మాట దగ్గర తను ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యననీ అంది. ఆ తర్వాత ఎర్ర కలం తీసుకుని నన్ను లాక్కుని వీధిన పడింది. ఇద్దరం ఊరంతా తిరిగి వాల్‌పోస్టర్ల మీద వాన కొట్టేశాం. స్నానాల గది దగ్గరది కూడా.

నిన్న హాలు నిండిపోయింది. నేను బుట్టా, నువ్వు పంపిన బియ్యం సంచీ పట్టుకుని స్టేజి ఎక్కాను. వంటశాల పెద్దావిడ తన కాటా తనే మోసుకొచ్చింది, వేరేవాళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదంది. మన యాసలోనే మాట్లాడాను నానమ్మా, మొదటి మాట నుంచీ. ముందు ఖాళీ బుట్ట తూశాను. బుట్ట బరువు మనిషి రంగుని బట్టి మారేదని చెప్పాను. ఈసారి ఎవరూ బూట్లకేసి చూసుకోలేదు, అందరూ కాటాకేసి చూశారు. తర్వాత బియ్యం సంచీని బుట్టలో పెట్టాను, నాకు బదులుగా. ముల్లు కదిలింది. తాత అరిచినట్టు అరిచాను. లీలండ్ తన టోపీ పైకి విసిరాడు, అది దీపానికి తగులుకుని ఇంకా అక్కడే ఉంది.

తర్వాత ఏమయిందో తెలుసా? లీలండ్ లేచి, వాళ్ళ అమ్మమ్మ జార్జియా దీవుల నుంచి వచ్చిన గీచీయేననీ, వాణ్ణి ఇంట్లో బూరె అంటారనీ, ఈ సంగతి ఇక్కడెవరికీ చెప్పలేదనీ అన్నాడు. గీచీ అన్నందుకు సారీ చెప్పాడు. వాడూ మూడు పూటలా అన్నమే తిని పెరిగాడట, దొంగవెధవ! ఇక ఆగలేదు. పెగ్గీని వాళ్ళ తాత పందిపిల్ల అంటాడట. ఫిడేలు పిల్ల ఉడుత. ఏడ్చిన అమ్మాయి పేరు చెప్పను, అది చెప్పి మళ్ళీ ఏడ్చింది. యూనివర్సిటీ పెద్దాయన కూడా లేవబోయాడు కానీ ఆయన భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అందరూ వెళ్ళాక డాక్టర్ టర్న్‌బో గారు ఖాళీ హాల్లో బుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “మావాళ్ళు ఉత్తరాదికి వచ్చేటప్పుడు అన్నీ దక్షిణాదిలోనే వదిలేసి వచ్చారు నెట్వా. నన్ను ఇంట్లో కూడా హార్టెన్స్ అనే పిలిచేవాళ్ళు. మీ నానమ్మ నాకొక పేరు పెడుతుందేమో అడుగు” అంది. నవ్వుతూనే అంది, కానీ నిజంగానే అడిగింది.

వచ్చే ఏటికి గది కావాలని పేరు రాయించాను. ఇక్కడే. వాళ్ళు అడిగితే రెండు పేర్లూ చెప్పాను.

నికర బరువు
నెట్వా


సెయింట్ హెలెనా దీవి
ఏప్రిల్ 27

ఒసే నెట్వా,

నీ ఉత్తరం ఐడెల్లాకి రెండుసార్లు, డీకన్ సైరస్ గారికి మూడుసార్లు చదివి వినిపించాను. ఆయన కొత్త కళ్ళజోడు కొనిచ్చారు. అందుకని నీ రాతలో తప్పులన్నీ ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. పీత మామ తన పేరు ఒహాయోలో అంతమందికి తెలిసిందని గడ్డం గీయించుకుని తిరుగుతున్నాడు. బూరె కుర్రాడికి అన్నం పెట్టు, పాపం.

డాక్టరమ్మకి చెప్పు, బుట్టపేరు ఉత్తరంలో పెట్టడం కుదరదని. మనిషిని చూడాలి, నడక చూడాలి, అన్నం ఎలా తింటుందో చూడాలి. వేసవిలో నీతో తీసుకురా. పెట్టకుండా పంపించను. వయసు మళ్ళిందని మొహమాటపడొద్దను, మన దగ్గర అలాంటి నియమం లేదు.

రేవు ఇప్పుడు పాడుబడింది కానీ ఆ కాటా షెడ్డులో అలాగే ఉంది. నిన్న పీత మామ చేత తుప్పు గీకించి నూనె పెట్టించాను. నువ్వు బస్సు దిగగానే ఇంటికి కాదు, ముందు అక్కడికి. ఆ చలి నా పిల్లని ఎంత తినేసిందో నాకు తెలియాలి. బుట్ట మర్చిపోకుండా తీసుకురా, ముందు దాన్ని తూయాలి. ముల్లు ఎక్కడ ఆగినా సరే, మీ తాత లేడు కాబట్టి, ఈసారి కాలవ అవతలికి వినపడేలా అరవాల్సింది నేనే. పొద్దుటి నుంచీ గొంతు సవరించుకుంటున్నాను.

నానమ్మ